ఆటిజం, ఏడీహెచ్‌డీ కలిసే చోట: తళి పిల్లల వైపు నుంచి

2013 మే నెల దాకా ఒకే బిడ్డకు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని రాయడానికి నియమం ఒప్పుకునేది కాదు. అమెరికా మనోవైద్యుల సంఘం వేసే నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం. చాలా దేశాల వైద్యులూ పరిశోధకులూ ఆ పుస్తకాన్నే చూస్తారు. 1994లో వచ్చిన దాని నాలుగో కూర్పు ప్రకారం, బిడ్డకు ఆటిజం ఉందని తేలితే ఆ బిడ్డ చంచలత్వాన్నీ నిలవని ధ్యాసనూ ఆటిజం ఖాతాలోనే వెయ్యాలి, ఏడీహెచ్‌డీ అని వేరే పేరు పెట్టకూడదు. ఐదో కూర్పు ఈ అడ్డు తీసేసింది. 2022 జనవరిలో అమలుకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ, ఐసీడీ-11, అదే దారి పట్టింది. వైద్యులు ఈ రెండు పేర్లనూ ఒకే కాగితం మీద రాయడం మొదలై పుష్కరకాలం దాటిందంతే.

రెండింటినీ క్లుప్తంగా చెప్పుకుందాం. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, వయసుకు మించిన చురుకు, ఆగలేని తొందర. ఆటిజంలో తోటివారితో మాటామంతీ ఇచ్చిపుచ్చుకునే తీరు వేరుగా ఉంటుంది. దానితోబాటు చేసిందే చేయడం, ఒకే పద్ధతిని పట్టుకుని ఉండడం, చప్పుళ్ళనూ వెలుగునూ తాకిడినీ మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో పట్టించుకోవడం కనిపిస్తాయి. కాగితం మీద ఇవి రెండు వేరువేరు వర్ణనలు. తరగతిలో కూర్చోని ఆరేళ్ళ బిడ్డను చూస్తున్నప్పుడు అంత విడివిడిగా కనబడవు.

ఈ కలయికను తళి వైపు నుంచి చూడటానికి నాకొక కారణం ఉంది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా డెంకణికోట తాలూకాలో, కర్ణాటక సరిహద్దును ఒరుసుకుని ఉన్న ఊరు తళి. ఇక్కడా, చుట్టుపక్కల కెలమంగలం, జవళగిరి వైపూ ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం మాట్లాడే కుటుంబాలు మామూలే. ఏ బిడ్డ మాటనూ ధ్యాసనూ కొలవాలన్నా ముందు ఏ భాషలో కొలుస్తున్నామన్న ప్రశ్న వస్తుంది. ఆటిజం, ఏడీహెచ్‌డీల కలయిక మీద ప్రపంచంలో జరిగిన పరిశోధన చాలామటుకు ఈ ప్రశ్న ఎదురవ్వని పిల్లల మీద జరిగింది.

ముందు ఆ పరిశోధన ఏం చెబుతోందో చూద్దాం. 2008లో ఇంగ్లండులో ఎమిలీ సైమనాఫ్ బృందం ఆటిజం ఉన్న 112 మంది పిల్లలను పరీక్షించింది. 10 నుంచి 14 ఏళ్ళ ఆ పిల్లల్లో 28 శాతం మందికి ఏడీహెచ్‌డీ లక్షణాలు నిర్ధారణకు సరిపడా ఉన్నాయి. 2019లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన సమీక్ష ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్క కడితే మళ్ళీ 28 శాతమే తేలింది. 2021లో వచ్చిన మరో సమీక్ష 38.5 శాతం అంది. ఎదురు దిక్కు నుంచి చూస్తే అంకె చిన్నది. అమెరికాలో ఏడీహెచ్‌డీ ఉన్న ప్రతి 8 మంది పిల్లల్లో దాదాపు ఒకరికి ఆటిజం నిర్ధారణ కూడా ఉందని 2014 నాటి జాతీయ సర్వే నుంచి లెక్క తీశారు. ఆటిజం ఉన్న బిడ్డలో ఏడీహెచ్‌డీ కోసం వెతకడం దాదాపు తప్పనిసరి. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డలో ఆటిజం కోసం వెతకడం తప్పనిసరి కాకపోయినా, ఆ ప్రశ్న అడగకుండా వదిలేయదగ్గది కాదు.

28కీ 38కీ మధ్య తేడా ఎక్కడిది? కొన్ని అధ్యయనాలు ఆస్పత్రికి వచ్చిన పిల్లలను చూశాయి, కొన్ని ఊళ్ళోని పిల్లలను చూశాయి. ఆస్పత్రి దాకా తెచ్చే బిడ్డకు సాధారణంగా ఒకటికి మించిన ఇబ్బంది ఉంటుంది కాబట్టి అక్కడ కలయిక ఎక్కువగా కనబడుతుంది. తల్లిదండ్రుల జవాబుల మీద ఆధారపడ్డవి కొన్ని, వైద్యులు స్వయంగా చూసినవి కొన్ని. అందుకే ఒక్క శాతాన్ని పట్టుకుని తళి బళ్ళలోని పిల్లలకు గుణించడం సరికాదు.

ఈ కలయిక కాకతాళీయం కాదని చెప్పే బలమైన సాక్ష్యం కవలల అధ్యయనాల నుంచి వచ్చింది. స్వీడన్‌లో 1987 నుంచి 2006 దాకా పుట్టిన దాదాపు 19 లక్షల మంది రికార్డులను గిరార్ది బృందం పరిశీలించి 2018లో ప్రచురించింది. ఒక కవలకు ఆటిజం ఉన్నప్పుడు, ఒకేరూప కవలల్లో రెండో బిడ్డకు ఏడీహెచ్‌డీ ఉండే ఆడ్స్ మిగతావారితో పోలిస్తే దాదాపు 18 రెట్లు. ఉండడానికీ లేకపోవడానికీ మధ్య ఉండే నిష్పత్తినే ఆడ్స్ అంటారు. భిన్నరూప కవలల్లో అది 4 రెట్లకు కొంచెం ఎక్కువ. జన్యువులు ఎక్కువగా పంచుకున్నకొద్దీ ముడి బిగుస్తోందన్నమాట. 2008లో ఆంజెలికా రోనాల్డ్ బృందం బ్రిటన్‌లో ఎనిమిదేళ్ళ కవలలను ఆరు వేలకు పైగా జంటల్లో చూసి, నిర్ధారణ దాకా పోని మామూలు పిల్లల్లోని లక్షణాల మధ్య కూడా జన్యు సంబంధం గట్టిగానే ఉందని చూపింది.

జన్యువుల మాట రాగానే తల్లి వైపా తండ్రి వైపా అన్న గొడవ ఇళ్ళలో మొదలవుతుంది. ఈ అధ్యయనాలు దానికి జవాబివ్వవు. ఇవి జనసమూహం గురించి చెప్పే లెక్కలు, ఒక ఇంట్లో తప్పు ఎవరిదో తేల్చే లెక్కలు కావు. పెంపకం వల్ల ఇలా అయిందన్న నిందను మాత్రం ఇవి చాలావరకు తోసిపుచ్చుతాయి. ఆ నింద మోస్తున్న తల్లులకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇక బిడ్డ దగ్గరికి వద్దాం. "మా పిల్లోడు ఒక తావ కూచోడు" అని అమ్మ చెబుతుంది. "పిలిస్తే పలకడు" అని టీచరు చెబుతుంది. ఈ రెండు మాటలూ రెండు స్థితులకూ సరిపోతాయి. ఏడీహెచ్‌డీలో పిలుపు చెవిన పడుతుంది గానీ అప్పటికే ధ్యాస ఇంకోవైపు పోయి ఉంటుంది. ఆటిజంలో, మనిషి గొంతు మిగతా చప్పుళ్ళ కన్నా ముఖ్యమైనదన్న పట్టింపు తక్కువగా ఉండవచ్చు, లేదా చేతిలోని వస్తువులో పూర్తిగా మునిగి ఉండవచ్చు. ఆటలో తన వంతు కోసం ఆగని బిడ్డలు ఇద్దరున్నారనుకోండి. ఒకరికి వంతు అనే నియమం తెలుసు, అడిగితే చెబుతారు కూడా, కానీ ఆగలేరు. రెండోవారికి ఎవరూ నోటితో చెప్పని ఆ నియమమే అందలేదు. బయటికి కనబడే పని ఒక్కటే, లోపలి దారులు వేరు. రెండూ ఉన్న బిడ్డలో రెండు దారులూ తెరిచి ఉంటాయి.

ధ్యాస విషయంలో అదనంగా ఒక చిక్కు ఉంది. ఇష్టమైనదాని మీద గంటల తరబడి కూర్చుంటాడు కాబట్టి ఏడీహెచ్‌డీ కాదని చాలామంది తేల్చేస్తారు. ఇది పొరపాటు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కూడా నచ్చిన పనిలో అలా మునిగిపోతారు. తేడా పట్టుకోవాలంటే ఆ ఇష్టం ఎంతకాలం, ఎంత ఇరుకుగా ఉందో చూడాలి. నెలల తరబడి బస్సుల నంబర్లే, అదే వరసలో, మార్చితే ఏడుపు అంటే అది ఆటిజం వైపు చూపుతుంది. వారానికొక కొత్త పిచ్చి అయితే అంతగా చూపదు. ఇవన్నీ మొగ్గులే, తీర్పులు కావు.

నిపుణులు వాడే పరికరాలు కూడా ఇక్కడ తడబడతాయి. ఆటిజం నిర్ధారణకు మేలైనవని పేరున్న ఏడీఓఎస్, ఏడీఐ-ఆర్ పరీక్షలను, ఆటిజం లేదని ముందే తేలిన ఏడీహెచ్‌డీ పిల్లలకు పెట్టి చూశారు. 2016లో వచ్చిన ఆ అధ్యయనంలో 21 శాతం మంది మొదటిదానిలో, 30 శాతం మంది రెండోదానిలో ఆటిజం గీత దాటేశారు. అమెరికాలో, తర్ఫీదైన వారి చేతుల్లో, బిడ్డ సొంత భాషలో జరిగినప్పటి సంగతి ఇది.

మన దగ్గర వాడే కొలబద్దను దగ్గరగా చూడటం అందుకే అవసరం. దాని పేరు ఐఎస్‌ఏఏ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ, నేటి ఎన్‌ఐఈపీఐడీ, దీన్ని తయారుచేసింది. ఇందులో 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70 లోపైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 దాకా మధ్యమం, ఆపైన తీవ్రం. అంశాలను చదివితే ఒక సంగతి కనబడుతుంది. నిలకడ లేని ధ్యాస, అతి చురుకు, వంతు కోసం ఆగలేకపోవడం, ప్రమాదమంటే భయం లేకపోవడం ఈ నాలుగూ 40లో ఉన్నాయి. ఆటిజం లేని ఏడీహెచ్‌డీ బిడ్డలో కూడా ఈ నాలుగూ బలంగా కనిపించగలవు.

లెక్క వేసి చూద్దాం. ఆ నాలుగింటికీ పూర్తిగా 5 చొప్పున 20 పడ్డాయనుకుందాం. మిగిలిన 36 అంశాలకూ ఒక్కొక్కటే పడితే మొత్తం 56. గీత దాటదు. కాబట్టి ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న బిడ్డను ఆటిజం అని పొరబడేంత లోపం ఈ కొలబద్దలో లేదు. ఇప్పుడు ఆ బిడ్డను తెలియని ఊరిలో, తెలియని గదిలో, తనకు సరిగా రాని భాషలో కూర్చోబెట్టండి. కళ్ళలోకి చూడటం, పలకరింపు నవ్వు, ఒంటరిగా ఉండిపోవడం, తానుగా దగ్గరికి రావడం, చుట్టూ ఉన్నవారి సైగలు అందుకోవడం, సంభాషణ నడపడం, ఆలస్యంగా స్పందించడం అనే ఏడు అంశాల్లో 1కి బదులు 3 పడితే 14 మార్కులు కలుస్తాయి. మొత్తం సరిగ్గా 70. ఇది నేను వేసిన కూడిక మాత్రమే, ఎవరో పిల్లల మీద చేసిన అధ్యయనం కాదు. అనుభవమున్నవారు తల్లిదండ్రులను విడిగా అడిగి, బిడ్డను తీరిగ్గా చూసి మార్కులు వేస్తే ఇలా జరగకపోవచ్చు. కానీ సరిహద్దు ప్రాంతాల్లో భాష ఎంత బరువు తూగగలదో ఈ కూడిక చూపుతుంది.

తళి, హోసూరు, డెంకణికోట వైపు బిడ్డ ఇలా రాని భాషలో కూర్చోవడం ఊహ కాదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత తెలుగు, కన్నడ మాధ్యమం బళ్ళలో కూడా తమిళం తప్పనిసరి పాఠమైంది. చాలామంది పిల్లలు నేరుగా తమిళ మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చేరుతున్నారు. ఇంట్లో తెలుగు తప్ప వినని ఐదేళ్ళ బిడ్డ మొదటి ఏడాది తరగతిలో కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు, చెప్పిన పని చేయకపోవచ్చు, తోటిపిల్లలతో కలవకపోవచ్చు. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని వారాలో నెలలో మౌనంగా ఉండిపోవడం ప్రపంచమంతటా చూసిందే.

ఇక్కడ డీఎస్‌ఎంలోని ఒక నిబంధన బాగా పనికొస్తుంది. ఏడీహెచ్‌డీ లక్షణాలు 12 ఏళ్ళ లోపే కనబడి ఉండాలి, కనీసం రెండు చోట్ల, ఉదాహరణకు ఇంట్లోనూ బడిలోనూ, ఉండాలి అంటుంది అది. తళిలో ఇల్లూ బడీ రెండు చోట్లే కాక రెండు భాషలు కూడా. తమిళ తరగతిలో మాత్రమే ధ్యాస పోతూ, అవ్వ తెలుగులో చెప్పే కథను చివరిదాకా వినే బిడ్డ గురించి ఏడీహెచ్‌డీ అనే ముందు చాలా ఆలోచించాలి. రెండు చోట్లా ఒకేలా ఉంటే అనుమానం బలపడుతుంది. ఆటిజానికి కూడా ఇదే దారి వర్తిస్తుంది. ఇంటి భాషలో, తెలిసిన మనుషుల మధ్య కూడా చూపు కలపకపోతే, వేలితో చూపి అడగకపోతే, తనకు నచ్చిన వస్తువు తెచ్చి చూపకపోతే కారణం భాష కాదు.

దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు జరుగుతుంది, అది నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. మూడు భాషలు కదా, అందుకే మాట ఆలస్యం, వాళ్ళ నాయన కూడా నాలుగేండ్లకు గానీ మాట్లాడలేదు అని పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. బహుభాషా వాతావరణం ఆటిజాన్ని తెచ్చిపెట్టదు, దాన్ని దాచి ఉంచగలదు. కెనడాలో హాంబ్లీ, ఫాంబోన్ 2012లో ఆటిజం ఉన్న 75 మంది పిల్లలను చూశారు. రెండు భాషలు వింటూ పెరిగినవారికి ఒక భాషే విన్నవారి కన్నా అదనపు ఆలస్యం కనబడలేదు. అధ్యయనం చిన్నది, అక్కడి భాషలూ బతుకులూ వేరు, ఏడీహెచ్‌డీ కూడా ఉన్న పిల్లలను వేరుచేసి చూసింది కాదు. అయినా ఇంట్లో తెలుగు మానేయండి, బడి భాషే మాట్లాడండి అన్న సలహాకు ఆధారం లేదని చెప్పడానికి ఇది కొంత చాలుతుంది. అమ్మ తనకు సరిగా రాని భాషలో బిడ్డతో మాట్లాడటం మొదలుపెడితే ఇంట్లో మాటలే తగ్గిపోతాయి.

మన దేశపు అంకెల విషయానికొస్తే, 2018లో పీఎల్‌ఓఎస్ మెడిసిన్‌లో వచ్చిన ఇన్‌క్లెన్ అధ్యయనం విస్తృతమైనవాటిలో ఒకటి. పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్ అనే ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ 3,964 మంది పిల్లలను చూశారు. ఎదుగుదల లోపాలు 6 నుంచి 9 ఏళ్ళ వారిలో చోటును బట్టి 6.5 శాతం నుంచి 18.5 శాతం దాకా ఉన్నాయి. లోపం ఉన్నవారిలో దాదాపు ఐదో వంతు మందికి ఒకటికి మించి ఉన్నాయి. అయితే ఈ అధ్యయనంలో వాడిన ప్రశ్నావళులు డీఎస్‌ఎం నాలుగో కూర్పు మీద కట్టినవి. ఆ కూర్పు ఆటిజాన్నీ ఏడీహెచ్‌డీనీ కలిపి రాయనివ్వదు. కాబట్టి ఆ ఐదో వంతులో ఈ జంట పాలు ఎంతో దాన్నిబట్టి చెప్పలేం. కోయంబత్తూరులో నాలుగు బళ్ళలో 770 మందిని చూసి 2013లో ప్రచురించిన అధ్యయనం 11.3 శాతం మందిలో ఏడీహెచ్‌డీ ఉందంది. 2005లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారు బెంగళూరు నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 2,064 మందిని చూసి, 4 నుంచి 16 ఏళ్ళ వారిలో 12 శాతం మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేల్చారు. వీటిలో భౌగోళికంగా తళికి దగ్గరిది ఇదే, కానీ అది ఈ రెండు స్థితుల కలయిక కోసం చేసింది కాదు.

ఏ పేరు ముందు వచ్చిందన్నది బిడ్డ బతుకును ఎంత మారుస్తుందో చెప్పే అధ్యయనం ఒకటుంది. 2015లో పీడియాట్రిక్స్ పత్రికలో మియోడోవ్నిక్ బృందం, ఆటిజం ఉన్న దాదాపు 1,500 మంది అమెరికా పిల్లల వివరాలు చూసింది. వారిలో ఐదింట ఒక వంతు మందికి ముందు ఏడీహెచ్‌డీ అని చెప్పారు. అలాంటివారికి ఆటిజం సంగతి సగటున మూడేళ్ళు ఆలస్యంగా తెలిసింది. చురుకుదనం కంటికి కొట్టినట్టు కనబడుతుంది, తోటివారితో కలవలేకపోవడం మెల్లగా గానీ తెలియదు. మొదటి పేరు దొరకగానే వెతుకులాట ఆగిపోతుంది. మాట ముందుగా పెంచాల్సిన మూడేళ్ళు అలా పోతాయి.

మన దేశంలో దీనికి చట్టం కూడా తోడవుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, చదువు నేర్చుకోవడంలోని ప్రత్యేక లోపం ఉంది. ఏడీహెచ్‌డీ లేదు. 40 శాతమో అంతకు మించో ఉన్న సర్టిఫికెట్ ఉంటేనే చాలా సహాయాలు అందుతాయి. ఆటిజం శాతానికి ఆధారం పైన చెప్పిన ఐఎస్‌ఏఏ మార్కులే. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉండి, బడిలో తీవ్రంగా వెనకబడుతున్న బిడ్డ కుటుంబానికి ఆ చట్టంలో తలుపు లేదు. ఉన్న తలుపుల వైపు నిర్ధారణను నెట్టాలనిపించడం సహజం. ఆ కుటుంబాలను నేను తప్పుపట్టను. అవసరాన్ని బట్టి కాక పేరును బట్టి సహాయం అందించే ఏర్పాటునే మార్చాలి.

మందుల గురించి క్లుప్తంగా. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్‌ను ఆటిజంతో పాటు అతి చురుకు ఉన్న 72 మంది పిల్లలకు ఇచ్చి 2005లో అమెరికాలో చూశారు. 49 శాతం మందికి మేలు జరిగింది, 18 శాతం మంది ఇబ్బందులవల్ల మానేశారు. ఆటిజం లేని ఏడీహెచ్‌డీ పిల్లల్లో ఈ మందు ఇంతకన్నా ఎక్కువమందికి పనిచేస్తుంది. అంటే రెండూ ఉన్నప్పుడు మందు పనికిరాదని కాదు, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నిద్ర, ఆకలి, చిరాకు గమనిస్తూ పోవాలని.

మందు కాని దారికి మన దగ్గరి సాక్ష్యం గోవా నుంచి వచ్చింది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లలను తీసుకుని, వారిలో దాదాపు సగం మంది తల్లిదండ్రులకు, వైద్యులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలు బిడ్డతో ఆడే, మాట్లాడే పద్ధతులు నేర్పి, మిగతావారితో పోల్చి చూశారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. తల్లిదండ్రులు బిడ్డ తీరుకు తగినట్టు స్పందించడం పెరిగింది, బిడ్డ తానుగా పలకరించడం పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద ధ్యాస నిలిపే సమయం మాత్రం తగ్గింది. ఏడీహెచ్‌డీ కూడా ఉన్న పిల్లలకు ఈ చివరి సంగతి ముఖ్యం, ఎందుకంటే వారికి కష్టమైనదీ అదే. కాబట్టి ఈ పద్ధతిని ఇక్కడికి తెచ్చేటప్పుడు దాన్ని విడిగా కొలవాలి. ఇంటి గడప దాకా ఆరోగ్య కార్యకర్త వచ్చే ఏర్పాటు ఈ జిల్లాకు కొత్త కాదు. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో ఇంటింటి వైద్య పథకాన్ని ఇదే కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలుపెట్టింది. అది బీపీ, షుగరు, ఫిజియోథెరపీ వంటివాటికి. బాల్వాడీ వయసు పిల్లల మాటనూ ఆటనూ గమనించే పని అదే దారిలో చేర్చవచ్చు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్లో వెతకాల్సిన 30 స్థితుల్లో ఆటిజాన్నీ ఏడీహెచ్‌డీనీ రెండింటినీ చేర్చింది. బళ్ళకూ బాల్వాడీలకూ వచ్చి చూసే బృందం అనుమానం వస్తే జిల్లా కేంద్రానికి పంపాలి. అక్కడినుంచి పెద్ద ఆస్పత్రి కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్ హోసూరు రోడ్డు మీదే ఉంది. ఇక్కడివారికి చెన్నై కన్నా అది ఎంతో దగ్గర.

పంపేటప్పుడు బిడ్డ చేతిలో ఏం ఉండాలన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. మొదటిది వినికిడి పరీక్ష ఫలితం. చెవి సరిగా వినబడని బిడ్డ పలకకపోవడం, తిరగడం ఈ రెండు పేర్లలో దేనికైనా సరిపోయేలా ఉంటుంది. రక్తహీనత పరీక్ష కూడా అవసరం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 57.4 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైనప్పుడు ధ్యాస దెబ్బతింటుందని చాలా అధ్యయనాలు చూపాయి. తరువాత, ఇంట్లో బిడ్డ ఎలా ఉంటాడో అమ్మో అవ్వో తెలుగులోనే చెప్పగా రాసిన ఒక పుట. బడిలో ఎలా ఉంటాడో టీచరు రాసిన మరో పుట, అందులో పాఠం ఏ భాషలో జరుగుతోందో, బిడ్డ ఆ భాష వింటూ ఎన్ని నెలలైందో ఉండాలి. ఇన్‌క్లెన్ ప్రశ్నావళులకు తెలుగు రూపం ఉంది, దాన్ని అడగవచ్చు. ఆడపిల్ల అయితే అల్లరి తక్కువ కాబట్టి ఏమీ లేదని కొట్టిపారేయకూడదు, ఆడపిల్లల్లో రెండూ ఆలస్యంగానే బయటపడుతున్నాయి. ఒక పేరు వచ్చాక, ఆరు నెలలకో ఏడాదికో తిరిగి చూపించేటప్పుడు రెండో పేరు గురించి వైద్యుడిని నోరు తెరిచి అడగాలి, ఆయన ఏమన్నారో ఆ ఫైలులోనే రాయించుకోవాలి.